బూడిదరంగు వరుస

లిఫ్టు గంట మోగలేదన్న కబురు ఆఫీసుకి సోమవారం పొద్దున్నే, ఇంకా ఎవరూ టీ తాగకముందే వచ్చింది. లిఫ్టు కంపెనీవాళ్ళు తమ పరీక్షల టవర్లో మోయగలిగినదానికంటే ఎక్కువ బరువు పెట్టి చూశారు. గంట మోగాలి, తలుపులు తెరిచే ఉండాలి. తలుపులు మాత్రం బుద్ధిగా మూసుకున్నాయి, లిఫ్టు బయల్దేరింది. లోపలున్నవి ఇనప దిమ్మెలు కాబట్టి సరిపోయింది. మనుషులైతే ఏమయ్యేదో వాళ్ళు మేనేజరుకి ఫోన్లో వివరంగా చెప్పారు. ఆయన ఫోన్‌ని చెవికి కాస్త ఎడంగా పట్టుకుని విన్నాడు.

ఫోన్ పెట్టేశాక ఆయన చేసిన మొదటి పని పంతులమ్మ ఆడపడుచుని లోపలికి పిలవడం.

పంతులమ్మ బళ్ళో పాఠాలు చెప్పే మనిషేం కాదు. ఆ ఆఫీసులో తయారయ్యే పనిముట్టుకి డాక్యుమెంటేషన్ రాస్తుంది. ఏ ఆజ్ఞ ఇస్తే ఏం జరుగుతుందో, ఏది ఎప్పుడు వాడాలో, ఏది వాడకూడదో చెప్పడం ఆవిడ పని. పక్కవాళ్ళ ఈమెయిళ్ళలో వాక్యాలు కూడా దిద్దిపెడుతుంది కనక ఆ పేరు వచ్చింది. ఆవిడ భర్త చెల్లెలు అదే ఆఫీసులో విశ్లేషణ విభాగంలో చేరింది, ఇంకా ఖాయం కాలేదు. నెలాఖరుకి అవుతుందని ఇంట్లో అందరూ ఎదురుచూస్తున్నారు. సిఫారసు చేసింది పంతులమ్మే. ఆడపడుచుని తెచ్చి పక్కన కూర్చోబెట్టుకున్న వదిన ఎక్కడైనా ఉందా అని అప్పట్లో ఆఫీసంతా నవ్వింది.

మేనేజరుది అద్దాల గది. ఆయన చేతులు తిప్పుతూ మాట్లాడుతున్నాడు. ఆడపడుచు నిలబడే ఉంది, మెడలోని గుర్తింపు కార్డు అంచుని బొటనవేలితో రుద్దుతూ తల ఊపుతోంది. కూరలో ఉప్పు తక్కువైందంటేనే పూటంతా వాదించే మనిషి అక్కడ పెదవి విప్పలేదు. బయటికొచ్చి తన కుర్చీలో కూర్చుని గ్లాసెడు నీళ్ళూ ఆగకుండా తాగింది. పంతులమ్మ అటు వెళ్ళబోతుంటే మేనేజరు ఆవిడ్నీ పిలిచాడు.

"మీ డాక్యుమెంటులో లోపం లేదని ఒక పేరా రాసివ్వండి. క్లయింటుకి చూపించాలి" అన్నాడు.

"లోపం లేదనే అనుకుంటున్నానండి."

"మరింకేం. ఏఐ ఏజెంటు ఇచ్చిన రిపోర్టుని మనిషి సరిచూడాలి. ఆవిడ చూడలేదు. తప్పు తనదేనని ఒప్పుకుంది కూడా. శుక్రవారం వాళ్ళ ఇంజనీరు వస్తున్నాడు. ఆయనకి క్షమాపణ చెప్పించి, ఆ రోజుతో ఆవిడ్ని పంపించేద్దామనుకుంటున్నాను." ఆయన కాస్త గొంతు తగ్గించాడు. "మీ ఇంటి మనిషి. మీకు కష్టంగా ఉంటుంది, తెలుసు."

కష్టంగానే ఉంది. కానీ ఆ కష్టం కంటే ఒక అడుగు ముందు ఊరట వచ్చి కూర్చుంది. తప్పు డాక్యుమెంటుది కాదు. ఆ ఊరటకి పంతులమ్మ తనలో తనే సిగ్గుపడింది గానీ, వచ్చినదాన్ని పొమ్మనలేకపోయింది.

ఆ పనిముట్టు సంగతి కాస్త చెప్పాలి. ప్రోగ్రాంని మనిషికి అర్థమయ్యే మాటల్లో రాస్తారు, అందులో ఒక భాగం అవసరమైనప్పుడు ఇంకో భాగాన్ని పిలిచి పని చేయిస్తుంది. యంత్రానికి ఇచ్చేసరికి అది ఉత్త అంకెల మూటగా మారుతుంది. రాసినవాడు ఎటో పోయి, రాసిన మూలప్రతీ పోతే మిగిలేది ఆ మూటే. లిఫ్టు కంపెనీ దగ్గర మిగిలింది కూడా అదే, ఈ ఆఫీసు దాన్ని విప్పి ఇచ్చిన రిపోర్టు చూసుకునే వాళ్ళు కొత్త ప్రోగ్రాం రాసుకున్నారు. అలాంటి మూటని విప్పి, ఏ అంకెలు యంత్రానికి ఏ ఆజ్ఞో వరుసలుగా చూపించేదాన్ని బయట డిస్అసెంబ్లర్ అంటారు. ఈ ఆఫీసులో దాన్ని 'విప్పుడు' అంటారు. కుట్టిన చొక్కాకి కుట్లు విప్పి ఏ ముక్క ఎక్కడిదో చూడటం లాంటి పని. మొన్నమొన్నటి దాకా మనుషులు తెర ముందు కళ్ళు చికిలించుకుని చేసేవాళ్ళు. ఇప్పుడు ఏఐ ఏజెంట్లు చేస్తున్నాయి. వాటికి తెర అక్కర్లేదు, విప్పినదంతా ఉత్త రాతగా అందితే చాలు. విప్పుడుని ఎలా వాడాలో చెప్పే డాక్యుమెంటు మాత్రం కావాలి. అది రాసింది పంతులమ్మ.

రాస్తున్నన్నాళ్ళూ ఆవిడ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. మనుషుల కోసం రాసిన మాన్యువల్‌ని మనుషులు చదవరు. ఎక్కడో చిక్కుకున్నాక వచ్చి ఆవిడ్నే అడుగుతారు. ఏజెంటు అలా కాదు. మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదువుతుంది. చదివింది చదివినట్టు నమ్ముతుంది, చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. "తాళి కట్టినవాడు కూడా నా మాట ఇంత శ్రద్ధగా వినలేదు" అని వంటింట్లో అంటే, భర్త పేపర్లోంచి తలెత్తకుండానే "ఏమన్నావ్?" అన్నాడు.

ఆ సాయంత్రం ఆడపడుచు పై వాటాలోంచి దిగి వచ్చింది. బల్ల మీది బీన్స్ ముందుకు లాక్కుని ఈనెలు తీయడం మొదలుపెట్టింది.

"రిపోర్టు చదవకుండానే సంతకం పెట్టావా?" అంది పంతులమ్మ, పొయ్యి వైపే తిరిగి.

"చదివాను వదినా."

"చదివితే గంట సంగతి ఎలా వదిలేశావ్? 'ఈ భాగాన్ని ఎవరూ పిలవడం లేదు, తీసేయవచ్చు' అని రాసుంటే గంటని తీసేయమంటోందేమిటని అనిపించొద్దూ? ఆ మూటలో అది గంట అని పేరు రాసి ఉండదు, ఒప్పుకుంటాను. అయినా ఒక్కసారి తెర తెరిచి చూడాల్సింది కదా. నేను అంత కష్టపడి రాసిందాన్ని నువ్వు ఇలా..." ఆ తర్వాత ఆవిడ ఇంకా చాలా అంది. తొందరపాటు అంది, చిన్నప్పట్నుంచీ అంతేనంది, తన పరువు ఏమైందో కూడా చెప్పింది.

ఆడపడుచు తలొంచుకుని ఈనెలు తీస్తూనే ఉంది. "నాదే తప్పు. చూసుకోవాల్సింది" అంది. బీన్స్ అన్నీ ఒకే పొడవున తరిగి, చేతులు కడుక్కుని పైకి వెళ్ళిపోయింది.

మర్నాడు పంతులమ్మ ఆ పేరా రాయడానికి కూర్చుంది. 'డాక్యుమెంటు స్పష్టంగా, సంపూర్ణంగా ఉంది' అని రాసి ఆగింది. ఆవిడకి ఒక పట్టింపుంది. రాసిన ప్రతి మెట్టునీ, రాసినది మాత్రమే చూస్తూ, తన చేత్తో చేసి చూడందే వదలదు. తన గురించి తను రాసుకునే వాక్యానికి ఆ పట్టింపు వర్తించదా? సరే, ఏజెంటుని అనుకుందాం అని కుర్చీ ముందుకు జరుపుకుంది. రంగురంగుల తెర మూసేసింది. ఒక పక్క తన డాక్యుమెంటు, ఒక పక్క విప్పుడు ఇచ్చే ఉత్త రాత. తనకు తెలిసినవన్నీ తెలియవనుకుని, లిఫ్టు ప్రోగ్రాంని మొదటి వరుస నుంచి చదవడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం దాటింది. డబ్బాలో తెచ్చుకున్న భోజనం డబ్బాలోనే చల్లారింది. బరువు కొలిచే భాగం దొరికింది, తలుపుల భాగం దొరికింది. గంట భాగం దొరికింది. దాని పైన విప్పుడు ఇలా రాసింది: 'ఎవరూ పిలవడం లేదు.' డాక్యుమెంటు ఏమంటోంది? ఎవరూ పిలవని భాగం వాడుకలో లేనట్టు లెక్క. అయితే తీసేయవచ్చు. పంతులమ్మ కూడా తీసేసేదే. ఎక్కడా పొరపాటు పడకుండా, చెప్పింది చెప్పినట్టు చేసి, తిన్నగా అదే తప్పు దగ్గరికి వచ్చింది.

అప్పుడు తెర తెరిచింది. అదే చోటు, అదే వరుస. కాకపోతే తెర మీద ఆ వరుస బూడిదరంగులో ఉంది.

బూడిదరంగు అంటే ఏమిటో ఆఫీసులో అందరికంటే ఆవిడకే బాగా తెలుసు. మనుషుల మాన్యువల్లో తనే రాసింది: 'బూడిదరంగులో కనిపించే వరుసలు విప్పుడు ఊహ మాత్రమే. చేత్తో సరిచూసుకోండి.' ఏజెంట్ల కోసం తిరగరాసేటప్పుడు ఆ వాక్యం దగ్గర ఆగింది కూడా. కళ్ళు లేనివాటికి రంగుల సంగతెందుకని తీసేసింది. ఎంత పొందిగ్గా ఆలోచించానని ఆ రోజు తనని తనే మెచ్చుకుంది. రంగుతో పాటు ఊహ అన్న మాట కూడా పోయింది. ఏజెంటుకి విప్పుడు చెప్పినవన్నీ ఒకే బరువున్న నిజాలయ్యాయి.

రాసిన పేరా చెరిపేసి మేనేజరు గదికి వెళ్ళింది. ఆయన అంతా విన్నాడు. వింటున్నంతసేపూ పెన్ను మూత పెడుతూ తీస్తూ ఉన్నాడు.

"ఆ సంగతి శుక్రవారం ఎత్తకండి" అన్నాడు చివరికి. "మనిషి పొరపాటంటే వాళ్ళు సర్దుకుంటారు. మన పనిముట్టు దగ్గరే తేడా ఉందంటే పనంతా వెనక్కి తీసుకుంటారు. అప్పుడు ఒక్క ఆవిడ గురించే కాదు, మీ గురించి కూడా ఆలోచించాల్సొస్తుంది. ఇంటికి ఒక జీతమైనా ఉండనివ్వండి."

ఆయన చెడ్డవాడేం కాదు. మంచి సలహా ఇస్తున్నాననే అనుకున్నాడు. పంతులమ్మ తిన్నగా పొదుపు దగ్గరికి వెళ్ళింది.

విప్పుడుని తయారుచేసినాయన్ని ఆఫీసులో పొదుపు అంటారు. డబ్బు విషయంలో కాదు, మాటల విషయంలో. మూల గదిలో కిటికీకి వీపు పెట్టి కూర్చుంటాడు. రోజు మొత్తానికి ఆయన మాట్లాడేది ఒక పోస్టుకార్డు మీద పడుతుంది. పంతులమ్మ రెండు తెరలూ పక్కపక్కన పెట్టి చూపించింది. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, ముక్కు తెరకి తగిలేంత దగ్గరగా వంగి చూశాడు.

"రంగు ఒక్కటే పెట్టాను" అన్నాడు. కళ్ళజోడు కళ్ళ మీదికి దించుకుని, "మాట పెట్టలేదు. నా పనిముట్టు 'ఏమో' అనడం నాకిష్టం లేకపోయింది" అన్నాడు.

అన్ని మాటలు ఒకేసారి ఆయన నోట పంతులమ్మ ఎప్పుడూ వినలేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

ఆయన కోడ్ తెరిచి, రంగు వేసే ప్రతి చోటా రాతలో కూడా 'ఊహ' అన్న మాట పడేలా మార్చాడు. అది గంటసేపటి పని. అసలు పని ఆ తర్వాత మొదలైంది. ఆ మాట కనబడితే ఏం చేయాలో ఏజెంటుకి చెప్పాలి. పంతులమ్మ ఒక వాక్యం రాసింది: 'ఊహ అని ఉన్న వరుసల్ని నమ్మవద్దు.' ఏజెంటుకి లిఫ్టు ప్రోగ్రాం మళ్ళీ ఇచ్చారు. అది చెప్పిన మాట తు.చ. తప్పకుండా పాటించి, ఊహలన్నిటినీ అవతల పారేసింది. రిపోర్టులో తలుపులు లేవు, బ్రేకులు సగమే ఉన్నాయి. అలాంటి లిఫ్టు ఎక్కడం కంటే మెట్లు నయం.

మర్నాడు పొద్దున్నే వాక్యం మార్చింది: 'ఊహ అని ఉన్న వరుసల్ని సరిచూడండి.' ఈసారి రిపోర్టు నిండుగా వచ్చింది. ప్రతి ఊహ పక్కనా 'సరిచూడటమైనది' అని ఉంది. ఎలా చూసిందో అని వెనక్కి వెళ్ళి చూస్తే, అదే వరుసని ఇంకోసారి చదివి ఊరుకుంది.

"మనవాళ్ళూ అంతే" అన్నాడు పొదుపు.

పంతులమ్మ నవ్వలేదు. పెన్సిల్ కొరుకుతూ ఆయన వైపు తిరిగింది. "మీరైతే ఎలా సరిచూస్తారండీ?"

"చూస్తాను."

"ఎక్కడ చూస్తారు?"

"పట్టికల్లో."

"ఏ పట్టికల్లో? అందులో ఏముంటుంది? దొరక్కపోతే ఏం చేస్తారు?"

ఆయన ఇబ్బందిగా కదిలాడు. ఇన్నేళ్ళుగా చేతులతో చేస్తున్న పనిని ఎవరూ మాటల్లో అడగలేదు. ఒక్కొక్క మాటే లాగింది పంతులమ్మ. ఆయన ఒకటి చెప్తే రాసి చదివి వినిపిస్తుంది, ఆయన తల అడ్డంగా ఊపితే కొట్టేస్తుంది, మళ్ళీ అడుగుతుంది. మధ్యలో ఆయన లేచి తెర మీద వేలు పెట్టి చూపించాడు, ఇదిగో ఇలాంటి చోట్ల ఎవర్ని పిలవాలో ప్రోగ్రాం ముందే రాసి పెట్టుకోదు, నడిచేటప్పుడు పట్టికలో చిరునామా చూసుకుని పిలుస్తుంది, అందుకే పిలిచేవాడు కనబడడు అని. చెప్పడం పూర్తయ్యాక ఆయనే ఆశ్చర్యపోయినట్టు ఆవిడ వైపు చూశాడు. సాయంత్రానికి పేజీ ఇలా తయారైంది:

'ఎవరూ పిలవడం లేదు అన్నదాని పక్కన ఊహ అని ఉంటే, ఎవరూ పిలవరని అర్థం కాదు. పిలిచేవాళ్ళు విప్పుడుకి కనబడలేదని అర్థం. ముందు ప్రోగ్రాంలోని చిరునామాల పట్టికలన్నీ వెతకండి. ఈ భాగం చిరునామా ఏ పట్టికలోనైనా ఉంటే, ఆ పట్టికని ఎవరు చదువుతున్నారో చూడండి. ఎక్కడా దొరక్కపోతే వాడుకలో లేదని రాయకండి. తెలియదని రాయండి. ఏమేం చూశాక తెలియదన్నారో కూడా రాయండి.'

ఏజెంటుకి ఇచ్చారు. ఇద్దరూ కుర్చీల అంచుల మీద కూర్చుని చూస్తున్నారు. అది గంట భాగం దగ్గర ఆగింది. ఊహ అన్న మాట చూసింది. వెనక్కి తిరిగి పట్టికలు వెతకడానికి బయల్దేరింది. ఒక పట్టిక తీసి చూసి, లేదని పక్కన పెట్టింది. ఇంకోటి తీసింది. విసుగు లేదు, తొందర లేదు, ఒక్క గడి కూడా దాటెయ్యలేదు. చివరికో పట్టికలో గంట చిరునామా దొరికితే, ఆ పట్టికని చదివేదెవరో పట్టుకుంది: బరువు కొలిచే భాగం. 'బరువు మించితే ఈ గంట మోగుతుంది. తీసివేయరాదు' అని రాసింది. ఇంకా ముందుకెళ్ళి మరో చిన్న భాగం దగ్గర, 'తెలియదు. పట్టికలన్నీ చూశాను, దీని చిరునామా లేదు. ప్రోగ్రాం బయట ఉన్న మీట ఏదైనా దీన్ని నడుపుతుండవచ్చు' అని రాసింది.

ఇంత మంచి పనివాడి చేతికి పంతులమ్మ సగం మాట ఇచ్చి పంపింది. పూర్తి మాట ఇస్తే ఎంత ఒద్దికగా చేసిందో చూడమని పొదుపుతో అందామనుకుంది గానీ, ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో మరీ మరీ తుడుస్తున్నాడు. ఊరుకుంది.

శుక్రవారం లిఫ్టు ఇంజనీరు వచ్చాడు. పొట్టిగా, గట్టిగా, చేతుల నిండా పాత గాట్లున్న మనిషి. మేనేజరు పక్కన ఆడపడుచు కూర్చుంది. చెప్పాల్సిన క్షమాపణ ముందే అనుకుని వచ్చినట్టుంది, పెదాలు మెల్లగా కదులుతున్నాయి. ఆమె నోరు తెరిచే లోపల పంతులమ్మ లేచింది. మేనేజరు కళ్ళతో కూర్చోమన్నాడు. ఆవిడ కూర్చోలేదు.

"ఆవిడ తప్పు కాదండీ. పనిముట్టు ఊహిస్తుందని ఏజెంటుకి చెప్పే వాక్యం ఒకటుండాలి. దాన్ని తీసేసింది నేను." కొత్త రిపోర్టు ఆయన ముందు పెట్టింది. నెలనెలా ఇంటికొచ్చే రెండు జీతాలూ ఆ బల్ల మీదే పోయేట్టున్నాయని ఆవిడకి తెలుసు.

"తప్పు వాక్యానిది కాదు" అని తలుపు దగ్గర్నుంచి వినబడింది. పొదుపు ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. ఆయన మీటింగుకి రావడమే ఒక వింత. "నా పనిముట్టుది."

"కాదండీ, సరిచూడాల్సింది నేను" అంది ఆడపడుచు.

మేనేజరు ముగ్గురి వైపూ చూశాడు. చూపించడానికి ఒక్క దోషిని తెచ్చుకుంటే ముగ్గురు తేలారు. ఇంజనీరు ఎవర్నీ పట్టించుకోకుండా రిపోర్టు చదువుతున్నాడు. మొద్దుబారిన చూపుడువేలితో వరుస వరుసా తడుముతూ వెళ్ళి ఒకచోట ఆగాడు.

"ఈ 'తెలియదు' అన్నది ఉందే, ఇది మీకెవరికీ దొరకదు. లిఫ్టు కప్పు మీద మీట ఇది. మా మెకానిక్కులు పైకెక్కి పనిచేసేటప్పుడు దీన్ని నొక్కి పెడితే లిఫ్టు కదలదు. మీ మొదటి రిపోర్టు దీన్ని కూడా వాడుకలో లేదనే అంది." ఆయన కాగితం మీద అరచెయ్యి ఆనించాడు. "గంట మోగలేదని గొడవ చేశాం. ఇది తీసేసిన సంగతి మాకింకా తెలియనే తెలియదు. వచ్చే సోమవారం ఆ కప్పు మీదికి ఎక్కాల్సింది నేనే."

మేనేజరు ఆ వరుస చూడటానికి ముందుకి వంగాడు.

"నేను ఇలాంటి మీటింగులకి చాలా వెళ్ళాను" అన్నాడు ఇంజనీరు. "తప్పెవరిదని అడిగితే అందరూ గోడల వైపు చూస్తారు. ఇక్కడేమో నాదంటే నాదని కొట్టుకుంటున్నారు. మిగతా లిఫ్టుల ప్రోగ్రాములు కూడా పంపిస్తాం. ఇలాగే, తెలియనిది తెలియదని రాసివ్వండి. ఎవరు చేస్తారు?"

మేనేజరు ఒక్క క్షణమే తటపటాయించాడు. "ఆవిడే చేస్తుందండి" అన్నాడు ఆడపడుచుని చూపిస్తూ. "నెలాఖరుకి ఖాయం కూడా చేస్తున్నాం." మొదట్నుంచీ తన ఉద్దేశం అదే అన్నంత నిబ్బరంగా అన్నాడు.

సాయంత్రం వదినా ఆడపడుచూ బస్సు కోసం నిలబడ్డారు. పంతులమ్మకి భుజాల మీంచి బస్తా దించినట్టుంది. అక్కడ కూడా పేజీ గురించే చెప్తోంది, ఊహ అన్న మాట ఎక్కడ పెట్టిందీ, ఎందుకు పెట్టిందీ. ఆడపడుచు వింటూ వింటూ, "ఆ బూడిదరంగు వాక్యం లేదని నాకు సోమవారమే తెలుసు వదినా" అంది.

పంతులమ్మ ఆమె వైపు తిరిగింది.

"మేనేజరు ఇంకా ఫోన్లో ఉండగానే ఏజెంటుని అడిగాను, గంటని ఎవరూ పిలవరని అంత గట్టిగా ఎలా చెప్పావని. నాకిచ్చిన డాక్యుమెంటులో ఊహనీ నిజాన్నీ విడదీసే మాట ఏదీ లేదంది. మనుషుల మాన్యువల్ తీసి చూస్తే అందులో ఉంది. ఎవరు తీసేశారో అడగక్కర్లేదుగా."

"మరి ఆ గదిలో నిలబడి అన్ని మాటలు ఎందుకు పడ్డావే?"

"నాకు ఇంకో ఉద్యోగం దొరుకుతుంది. నువ్వా డాక్యుమెంటు రాసిన నెలల్లో ఎలా ఉన్నావో నేను చూశాను. నీకు అది పోతే ఎలా?" ఆడపడుచు సంచి ఆ భుజం మీంచి ఈ భుజం మీదికి మార్చుకుంది. "పైగా నువ్వు ఇంట్లో కూర్చుంటే రోజంతా మా అన్నయ్య మాటలే దిద్దుతావ్. ఆయన బతకాలిగా."

పంతులమ్మకి నవ్వు రాలేదు. వంటింట్లో తను నోటికొచ్చినట్టు తిడుతుంటే, తలొంచుకుని బీన్స్ తరిగిన మనిషికి అప్పటికే అంతా తెలుసు. తెలిసి, నాదే తప్పు అంది. ఈ పిల్లని తొందరపాటు మనిషని నలుగురికీ చెప్పుకుంటూ వచ్చింది తనే. కళ్ళు నిండిపోయాయి. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

"సోమవారం నిన్ను చాలా మాటలన్నాను" అంది.

"అన్నావ్. పరువు గురించి అన్నది కాస్త గట్టిగానే తగిలింది."

పంతులమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. బస్సు వచ్చి ఆగినా వదల్లేదు. ఇద్దరూ చేతులు పట్టుకునే ఇరుకు తలుపులోంచి ఒకేసారి ఎక్కబోయి మధ్యలో ఇరుక్కుంటే, వెనకవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఎక్కండమ్మా అని విసుక్కున్నారు.